లోపల వదిలిన గుడ్డ

మా ఆయనా, మా మేనకోడలూ ఒకే రోజున పథ్యం మొదలుపెట్టారు. ఒకే కాగితం చూసి, ఒకే వంటింట్లో, ఒకే గరిటెతో వడ్డించుకుని. నాలుగు నెలలు తిరిగేసరికి ఒకరు కోలుకున్నారు, ఒకరు మంచానికి దగ్గరయ్యారు. ఆ నాలుగు నెలలూ నేను కోలుకుంటున్న మనిషిని తిట్టి, పాడవుతున్న మనిషిని మెచ్చుకున్నాను. ఈ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకు మొహమాటమేమీ లేదు. ఎందుకంటే ఆ మేనకోడలు నా పక్కనే కూర్చుని ఎవరిదో చొక్కాకి కాజాలు కుడుతోంది. ఇందాకే తలెత్తకుండా, "సాయంత్రం ఏం వండుకుందాం అత్తా?" అని అడిగింది. ఆ ప్రశ్న వినడానికి నేను ఏడాది పైన ఎదురుచూశాను.

నేను బట్టలు కుడతాను. ఇంటి ముందుగదే నా కొట్టు. వీధి వైపు పెద్ద కిటికీ, దాని కింద రెండు మిషన్లు, మధ్యలో కత్తిరింపు బల్ల, గోడకి నిలువుటద్దం, మూలన ఇస్త్రీ బల్ల, దాని కింద గుడ్డముక్కలు కూరిన గోతం. ముప్ఫై ఏళ్ళుగా ఈ గదిలో మనుషుల్ని కొలుస్తున్నాను. మనిషి గుమ్మం దాటేలోపే నడుమెంతో, భుజమెంతో చెప్పెయ్యగలను. టేపు పెట్టేది వాళ్ళ తృప్తి కోసం. నా కన్ను తప్పదని వీధిలో అందరూ అంటారు. అందరికంటే ఎక్కువ నేనే అంటాను.

మేనకోడలంటే మా అన్నయ్య కూతురు. అన్నయ్యావాళ్ళుండేది దూరపు ఊళ్ళో. పిల్లకి చిన్నప్పట్నుంచీ కుట్టుపని మీద మోజు. చదువు ముగియగానే పెట్టె సర్దుకుని మా ఇంటికి వచ్చేసింది. మాకు పిల్లల్లేరు. వచ్చిన వారానికే ఇంటి తాళాలు దాని చేతికి వెళ్ళిపోయాయి, మా ఆయన మనసు అంతకుముందే వెళ్ళిపోయింది. చిన్నప్పుడు బొద్దుగా ఉండేదని దానికి నేనో పేరు పెట్టాను. ముద్దుకి పెట్టిందే. పదిహేనేళ్ళు అలాగే పిలిచాను, కొట్టుకి వచ్చినవాళ్ళ ముందు కూడా. ఆ పేరు ఇక్కడ రాయను. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మా ఆయన బస్సు నడుపుతాడు. కూర్చుని చేసే ఉద్యోగం, ఎక్కడ ఆగితే అక్కడ ఏదో ఒకటి నోట్లో వేసుకునే అలవాటు. రెండూ కలిసి పొట్టని స్టీరింగు దాకా తెచ్చాయి. ఏడాదికోసారి జరిగే పరీక్షలో డాక్టరమ్మ గట్టిగా మందలించారు. రక్తంలో చక్కెర గీత దాటబోతోంది, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, ఇక తిండి సరిచేసుకోవాల్సిందే అన్నారు. ఒక కాగితం కూడా ఇచ్చారు. పళ్ళెంలో సగం కూరలు, తక్కిన సగంలో ఒక పక్క అన్నమో రొట్టో, ఇంకో పక్క కోడిగుడ్డో చేపో పప్పుగింజలో. వేళకి తినడం, రోజూ కాస్త నడవడం, తీపి తగ్గించడం. అంతకంటే బ్రహ్మవిద్యేమీ లేదు అందులో. ఆ కాగితాన్ని వంటింటి అలమార తలుపుకి అంటించాను.

"ఒక్కణ్ణే అయితే వారం తిరక్కుండా జారిపోతాను. ఎవరైనా తోడుండాలి," అన్నాడు మా ఆయన నా వంక చూస్తూ.

నేను వెంటనే ఇస్త్రీ పెట్టె వేడెక్కిందో లేదో చూడటానికి వెళ్ళిపోయాను.

"నేనుంటాను మామయ్యా," అంది అమ్మాయి.

దానికి పథ్యం అవసరమే లేదు. తిరిగే వయసు, తినే వయసు. కానీ నా నోరు ఊరుకోదు కదా. "ఉండవే, ఆ నడుము కాస్త తేలితే నా చేతి కుట్టుకి అందం వస్తుంది," అన్నాను గది లోపల్నుంచే.

నెలనెలా మొదటి ఆదివారం ఇద్దరికీ కొలతలు తీసేదాన్ని. నా కొలతల పుస్తకంలో ఎదురెదురు పేజీలు వాళ్ళవి. ఎడమ పేజీ మా ఆయనది, కుడి పేజీ అమ్మాయిది. కొలత తగ్గితే గెలిచినట్టు, తగ్గకపోతే ఓడినట్టు. నా లెక్క అంత సూటిగా ఉండేది.

మా ఆయన పథ్యం చూస్తే నాకు ఒళ్ళు మండేది. కూరలు తినేవాడు, నడిచేవాడు, కాదనను. కానీ ఒక శనివారం ఆ కాగితం అడుగున పెన్నుతో ఇలా రాసిపెట్టాడు: "డిపో దగ్గర కేకు, వారానికి ఒకటి. ఈ అనుమతి నాకు నేనే ఇచ్చుకున్నాను." కింద సంతకం కూడా! ఇంకో రోజు ఎవరో డ్రైవరు ఉద్యోగం విరమిస్తుంటే విందుకి వెళ్ళి, రెండుసార్లు వడ్డించుకుని వచ్చాడు. "ఇవాళ రూటు మారింది. రేపు మళ్ళీ మామూలు రూటే," అని చెప్పి హాయిగా గురకపెట్టాడు. మర్నాడు నిజంగానే మామూలుగా తిన్నాడు, మామూలుగా నడిచాడు. అది నా కంటికి ఆనలేదు. కేకు మాత్రమే ఆనింది.

అమ్మాయి అలా కాదు. కేకు వాసన వచ్చినా మొహం తిప్పుకునేది. కాగితం మీద అదీ రాసింది, కానీ పెన్సిలుతో, కొట్టివేతలు. ముందు తీపి కొట్టేసింది. తర్వాత అన్నం. తర్వాత రొట్టె. నెలకో గీత పడుతుంటే నేను మురిసిపోయాను. "పట్టుదలంటే అదీ! చూసి నేర్చుకోండి," అని రోజుకి నాలుగుసార్లు మా ఆయన్ని దెప్పేదాన్ని. ఆయన పళ్ళెంలోకి చూసుకుంటూ నవ్వేవాడు.

వింతేమిటంటే, తినడం మానిన పిల్ల వండటం పెంచింది. ఎప్పుడు చూసినా వంటల గురించే మాట. ఏవో చదివి, రాసుకుని, మా ఇద్దరికీ కొసరి కొసరి వడ్డించి, మేం తింటుంటే రెప్పవేయకుండా చూసేది. "నువ్వేదీ?" అంటే, "వండుతూ రుచి చూస్తూనే కడుపు నిండిపోయింది అత్తా," అనేది. ఎంత అదృష్టవంతురాలినో అనుకుంటూ ఇంకో ముద్ద తినేదాన్ని. నా కన్ను తప్పదని చెప్పాను కదా.

కొట్టుకి వచ్చేవాళ్ళు దానికి దిష్టి తగిలేలా మెచ్చుకునేవారు. "ఏం మంత్రం వేశావే, మాకూ చెప్పు," అని అడిగేవారు. ఆ రోజు కాగితం మీద పెన్సిలు గీత తప్పకుండా లావయ్యేది. మూడో నెలలో దాని చొక్కా భుజం కుట్టు కిందికి జారింది. మనిషి సన్నబడితే నడుము తగ్గుతుంది, చెయ్యి తగ్గుతుంది; భుజం ఎముక, అది అంత తేలిగ్గా తగ్గే కొలత కాదు. ఏ దర్జీకైనా తెలిసిన విషయం. కానీ నేనేమనుకున్నాను? కత్తిరింపులో నేనే పొరపాటు పడ్డాననుకున్నాను. పిల్ల తప్పు లేదు, నా సుద్దగీతదే తప్పని నన్ను నేను తిట్టుకుని భుజం విప్పి కుట్టాను.

ఇక నీలం గౌను సంగతి.

నేను ఏ బట్ట కుట్టినా పక్క కుట్ల లోపల రెండు వేళ్ళ గుడ్డ వదులుతాను. నాకు పని నేర్పిన పెద్దావిడ పెట్టిన నియమం అది. ఒళ్ళు పెరుగుతుంది, తరుగుతుంది, జబ్బు చేస్తుంది, బిడ్డను మోస్తుంది. ఎప్పుడేం కావాల్సొస్తుందో తెలియదు కాబట్టి లోపల గుడ్డ ఉండాలి. పైకి కనబడదు, ఎవరికీ అడ్డం రాదు. ముప్ఫై ఏళ్ళలో ఎంత గొప్పింటివాళ్ళు అడిగినా ఆ గుడ్డ నేను కత్తిరించలేదు.

నాలుగో నెలలో అమ్మాయి తన నీలం గౌను తెచ్చింది. దానికి ప్రాణప్రదమైన గౌను. నా దగ్గర నేర్చుకుని తన కోసం తాను కుట్టుకున్న మొదటి బట్ట. రెండు పక్కలా బిగించాను. లోపల చాలా గుడ్డ మిగిలింది.

"అది కత్తిరించెయ్యి అత్తా," అంది.

"ఎందుకే? ఉంటే నిన్నేం చేస్తుంది?"

"ఉంటే మళ్ళీ విప్పొచ్చు కదా. విప్పే వీల్లేకుండా చెయ్యి."

కిటికీలోంచి ఎండ బల్ల నిండా పడుతోంది. ఇస్త్రీ పెట్టె పక్కనే సెగలు కక్కుతోంది. ఆ పిల్ల మాత్రం స్వెట్టరు వేసుకుని, చేతులు చంకల్లో దాచుకుని నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు. బతిమాలుతోంది. నేనేమో, ఆహా, ఎంత కట్టుబాటు అనుకున్నాను. నా నియమాన్ని పక్కనపెట్టి, కత్తెర తీసుకుని, రెండు పక్కలా ఉన్న గుడ్డని బహుమతి ఇస్తున్నట్టు కరకరా కత్తిరించి గోతంలో పడేశాను.

తర్వాత వారం మా ఆయన తన ప్యాంట్లు తెచ్చాడు. బ్రేకు తొక్కుతుంటే జారిపోతున్నాయట. బిగించాను. ఆయనకీ లోపల గుడ్డ బోలెడు మిగిలింది. నియమం ఒకసారి తప్పిన చెయ్యి కదా, రెండోసారి ఆలోచించలేదు.

"ఇది కత్తిరించెయ్యనా?" అన్నాను కత్తెర పట్టుకుని.

"ఎందుకూ?" అన్నాడు ఆపిలు కొరుకుతూ. "ఉండనీ. చలికాలం వచ్చాక మళ్ళీ ఒక అంగుళం వస్తానేమో! వస్తే విప్పుతావు, పోతే కుడతావు. నీకు పనుంటుంది, నాకు ప్యాంటుంటుంది. లోపల ఉన్న గుడ్డ నాకేం బరువా?"

ఆయన మామూలుగా అన్నాడు. నా చేతిలో కత్తెర ఆగిపోయింది.

ఇద్దరిదీ ఒకే పథ్యం. ఒకరు లోపల గుడ్డ ఉంచమంటున్నారు, ఇంకొకరు వీల్లేకుండా చెయ్యమని ఏడ్చారు. ఈయనకి రేపు ఒక అంగుళం వస్తే నవ్వుకుంటాడు. ఆ పిల్లకి వస్తే? ఆ 'వస్తే' అన్న ఆలోచనకే అది వణికిపోయింది. నేను చూసింది పట్టుదల కాదు, భయం.

కొలతల పుస్తకం తెరిచాను. ఎడమ పేజీలో అంకెలు తగ్గాయి, ఒక నెల కాస్త పెరిగాయి, మళ్ళీ తగ్గాయి, ఒకచోట నిలిచాయి. కుడి పేజీలో అంకెలు ఎక్కడా నిలవలేదు, మెట్లు దిగినట్టు దిగుతూనే ఉన్నాయి. ఆఖరి వరసలో భుజం కూడా. నా చేత్తో నేనే రాశాను. రాసి, పక్కన 'శభాష్' అని కూడా రాశాను.

అప్పుడు నాకు తట్టిన పని చాలా తెలివితక్కువది. ఆ నీలం ముక్కలు తెచ్చి మళ్ళీ అతికేద్దామని గోతంలో చెయ్యి పెట్టాను. నీలం ముక్కలు దొరకలేదు. గుడ్డల మధ్య పొట్లాలు దొరికాయి. ఎండిపోయిన రొట్టెలు, దాని పుట్టినరోజుకి మా ఆయన తెచ్చిన కేకు ముక్క, నేను స్వయంగా దాని చేతిలో పెట్టిన బిస్కెట్లు. అన్నీ నా చుట్టుపక్కలే, నా కాళ్ళ దగ్గరే ఇన్నాళ్ళూ ఉన్నాయి.

తెలివైన మనిషైతే అక్కడ కాసేపు కూర్చుని ఆలోచించేది. నాకు కోపం ముందు వస్తుంది, తెలివి దాని వెనకాల నడిచి వస్తుంది. మధ్యాహ్నం పళ్ళెం నిండా వడ్డించి దాని ముందు ఠంగుమని పెట్టాను. "ఇది మొత్తం తినేదాకా ఇక్కణ్ణుంచి లేవడానికి వీల్లేదు! నా కళ్ళు కప్పుతావా? తిండి పారేస్తావా?" అని నోటికొచ్చినట్టు అరిచాను. చివర్లో ఆ పేరు పెట్టి కూడా పిలిచాను. పిల్ల తల వంచుకుని, నీళ్ళు కారుతుంటే, రెండు ముద్దలు మింగింది. తర్వాత లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ మంచినీళ్ళు తప్ప ఏం తీసుకుందో కూడా నాకు తెలియదు.

మా ఆయనకి అంతా చెప్పాను, నా నిర్వాకంతో సహా. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"బస్సు బురదలో దిగబడితే కొత్త డ్రైవర్లు ఏం చేస్తారో తెలుసా? గట్టిగా తొక్కుతారు. ఇంకా దిగబడుతుంది," అన్నాడు. "నువ్వు కాసేపు మిషను దగ్గర కూర్చో. నేను మాట్లాడతాను."

ఆ సాయంత్రం వీధి మెట్ల మీద అమ్మాయి పక్కన కూర్చున్నాడు. నేను కిటికీ దగ్గర మిషను ముందు, దారం ఎక్కించకుండానే, చెవులు రిక్కించి కూర్చున్నాను.

"మనిద్దరం ఒకే రోజు మొదలుపెట్టాం గుర్తుందా?" అన్నాడు. "నాకు బాగానే ఉందమ్మా. మోకాళ్ళు తేలికపడ్డాయి, ఆకలేస్తే తింటున్నా, తిన్నాక మర్చిపోతున్నా. నీకెలా ఉంది? నిజం చెప్పు. మీ అత్త చెవులు మూసుకునే ఉంది."

అమ్మాయి గొంతు సన్నగా వినబడింది.

"నేను మర్చిపోలేకపోతున్నా మామయ్యా. లేచిందగ్గర్నుంచీ అదే. ఏం తిన్నాను, ఏం తినకూడదు, ఎవరు పెడతారో, ఎలా తప్పించుకోవాలో. ముందు బాగుండేది. అత్త మెచ్చుకుంటే బాగుండేది. ఇప్పుడు ఆగాలనుంది. ఆగడం చేతకావట్లేదు."

నేను మిషను మీద తల ఆన్చి ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, ఏడ్చాను.

"అయితే ఇద్దరం కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. నాకెలాగూ పరీక్షల రోజు దగ్గరపడింది," అన్నాడాయన. "నువ్వొక్కదానివే ఆపాలని ఎవరన్నారు?"

ముగ్గురం వెళ్ళాం. డాక్టరమ్మ తెల్లకోట్లు నేనే కుడతాను కాబట్టి ఆవిడ కొలతలు నాకు తెలుసు, ఆవిడ ఓపిక మాత్రం ఆ రోజే తెలిసింది. ముందు ఇద్దర్నీ ఒకే ప్రశ్న అడిగారు.

"ఎవరైనా కేకు ముక్క చేతిలో పెడితే ఏం చేస్తారు?"

"తింటాను," అన్నాడు మా ఆయన. "చిన్నదైతే కొంచెం బాధపడతాను."

అమ్మాయి నేలచూపులు చూసింది. "ఆ విందు ఉందని తెలిసిన రోజు నుంచే భయం పట్టుకుంటుంది. తినకపోతే ఎవరైనా చూస్తారని, తింటే... తింటే రెండ్రోజులు నన్ను నేను శిక్షించుకుంటాను."

డాక్టరమ్మ నా వైపు తిరిగారు. "విన్నారుగా? పళ్ళెంలో ఏముందో చూస్తే ఈ తేడా తెలియదు. తలలో ఏం నడుస్తోందో అడిగితే తెలుస్తుంది. ఈయన ఆరోగ్యం కోసం తింటున్నారు. అమ్మాయి భయంతో మానేస్తోంది. ఇది మొండితనం కాదు, జబ్బు. తగ్గుతుంది. కానీ తొందరపెడితే తగ్గదు."

గుండె చప్పుడు విన్నారు, రక్తం తీయించారు, నాడి నెమ్మదించిందని చెప్పారు. ఇలాంటి ఇబ్బందులకే వైద్యం చేసే ఇంకో ఆవిడ దగ్గరికి వారం వారం వెళ్ళమన్నారు. తర్వాత నాకో మందు రాశారు, అంటే నోటితో చెప్పారు.

"ఇంట్లో ఒంటి గురించి మాట ఉండకూడదు. లావు, సన్నం, మెచ్చుకోలు, వెక్కిరింత, ఏదీ వద్దు."

"మరి ఏం మాట్లాడాలి?" అని అడిగాను. వెటకారానికి కాదు. ముప్ఫై ఏళ్ళుగా నేను మాట్లాడింది అదొక్కటే.

అప్పుడు అమ్మాయి మెల్లగా నోరు విప్పింది. "అత్తా, ఆ పేరు. అది పిలిచినప్పుడల్లా నవ్వేదాన్ని. నాకది నచ్చదు. ఎప్పుడూ నచ్చలేదు."

నాలుక కరుచుకున్నాను. "దానివల్లేనా డాక్టరమ్మా ఇదంతా?" అన్నాను.

"ఏ ఒక్కదానివల్లా రాదు. మిమ్మల్ని మీరు నరుక్కోనక్కర్లేదు. కానీ మానెయ్యండి," అన్నారు.

ఆ రోజుతో మానేశాను. కాగితం కూడా పోయింది. మా ఆయనే పీకేశాడు, "నాకు నోటికొచ్చేసింది, ఇంక తలుపుకెందుకు," అంటూ. కొలతల పుస్తకంలోంచి ఆ రెండు పేజీలూ నేను చించేశాను. నా మెడలో ఎప్పుడూ వేలాడే టేపు కొట్లో మేకుకి తగిలించడం మొదలుపెట్టాను. వంటింటి గుమ్మం దాటి లోపలికి టేపు రాకూడదు, అది మా ఇంటి కొత్త చట్టం. మొదట్లో మెడ బోసిపోయినట్టుండేది.

వెంటనే అంతా బాగైపోయిందంటే అబద్ధం. ముగ్గురం ఒకే వేళకి, ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. అమ్మాయికి వారం వారం చూసే ఆ వైద్యురాలు చెప్పినంత వడ్డించేదాన్ని, తర్వాత దాని పళ్ళెం వైపు చూడకుండా ఉండేదాన్ని. చూడకుండా ఉండటం ఎంత కష్టమో నా కళ్ళకే తెలుసు. గుండీల గురించి, వానల గురించి, ఎదురింటి పిల్లి గురించి మాట్లాడాను. ఆ పిల్లి సంసారం మొత్తం మాకు కంఠతా వచ్చేసింది. కొన్ని రోజులు అన్నం చల్లారిపోయి, పిల్ల కూర్చున్నచోటే కూర్చుని ఏడ్చేది. మా ఆయన బస్సు కబుర్లు చెబుతూ పక్కనే కూర్చునేవాడు. మర్నాడు మళ్ళీ అదే వేళకి, అదే బల్ల.

ఒక శనివారం ఆయన డిపో నుంచి కేకు తెచ్చుకుని తింటుంటే అమ్మాయి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మామయ్యా, కేకు తినడం రూటు తప్పడమా?"

ఆయన నమలడం ఆపి గంభీరంగా ఆలోచించాడు. "మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. కాదు. అదీ ఒక స్టాపే. ఆగుతాం, దిగుతాం, ఎక్కుతాం."

అమ్మాయి చెయ్యి చాపింది. సగం విరిచి ఇచ్చాడు. సగంలో సగం తింది. నేను గుమ్మం దగ్గర్నుంచి చూసి, శభాష్ అనబోయి, చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎదురింటి పిల్లి మళ్ళీ ఈనిందట," అన్నాను. ఇద్దరూ పడీపడీ నవ్వారు. అన్ని నెలల్లో అది నవ్వగా వినడం అదే మొదటిసారి.

తర్వాత ఒకావిడ కొట్టుకి వచ్చి, "అయ్యో, కాస్త ఒళ్ళు చేసినట్టున్నావే!" అంది అమ్మాయితో. పిల్ల చేతిలో సూది ఆగింది. "మా కొట్లో కొలత చెప్పే పని నాదండీ, మీరు కష్టపడకండి. చేతులు చాపండి ముందు," అని ఆవిడ మాట ఆవిడ నోట్లోనే కుక్కేశాను. ఒక ఖాతాదారు పోతే పోయింది. పోలేదు, మళ్ళీ వచ్చింది. నా కుట్టు అలాంటిది.

ఇక మొన్న ఆదివారం. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి ఏడాది దాటి నాలుగు నెలలయింది. అమ్మాయి బీరువా సర్దుకుంటూ నీలం గౌను తీసింది. తనే అద్దం ముందుకి వెళ్ళింది. గౌను పక్కల పట్టలేదు. కాసేపు అలాగే నిలబడింది. తర్వాత దాన్ని భుజాన వేసుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"విప్పాలత్తా," అంది.

నేను గౌను తిరగేశాను. తిరగేసేదాకా గుర్తు రాలేదు. కుట్టు లోపల ఏముంది? ఏమీ లేదు. నేను కత్తిరించేసిన అంచు, పీచులు లేచి ఉంది. "లేదే," అన్నాను. "లోపల గుడ్డ లేదు. నేనే..."

అమ్మాయి నా చేతిలోంచి గౌను తీసుకుంది. "కత్తిరించమన్నది నేనే కదా. పట్టీలు వేద్దాం. రెండు పక్కలా చెరొకటి."

"నా ప్యాంటులో చాలా గుడ్డ ఉంది, అలాగే దాచిపెట్టాను," అన్నాడు మా ఆయన గుమ్మంలోంచి. "కావాలంటే తీసుకోండి. నాకు లావయ్యే హక్కు పోతుంది, అంతే."

"నీ హక్కు నీకుండనీ మామయ్యా!" అని నవ్వింది. ఆ ప్యాంటు రంగు కూడా దానికి నచ్చలేదనుకుంటాను. బల్ల కింద వెతికి పసుపుపచ్చ గుడ్డ ఒకటి తీసింది. దాచకుండా, కనబడేలా వేస్తానంది. నేను సుద్ద పట్టుకోబోతే వద్దంది. తనే గీసుకుంది, తనే కత్తిరించుకుంది, మధ్యలో లేచి వెళ్ళి ఆకలేస్తోందని ఒక అరటిపండు తినొచ్చింది, మళ్ళీ కూర్చుని మధ్యాహ్నానికల్లా కుట్టేసింది.

ఇస్త్రీ చెయ్యమని నా చేతికిచ్చింది. ఏ బట్టైనా ఇస్త్రీకి ముందు తిరగేసి లోపలి కుట్టు చూడటం నా అలవాటు. తిరగేశాను. పసుపు పట్టీల పక్కన, రెండు వైపులా, గుడ్డ మడిచి ఉంది. వేళ్ళు పెట్టి చూశాను. రెండు వేళ్ళు కాదు, మూడు.

"ఇంత వదిలావేమే? లోపల ఉబ్బెత్తుగా ఉండదూ?" అన్నాను. పని నేర్పేదాన్ని కదా, అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

"ఉండనీ అత్తా," అంది గుండీల డబ్బా మూత పెడుతూ. "ఎప్పుడైనా కావాల్సొస్తుందేమో."

ఆ మూడు వేళ్ళ గుడ్డని రెండు వైపులా చక్కగా పరిచి, ముడత లేకుండా ఇస్త్రీ చేసి ఇచ్చాను.